మా అన్న ఒంటికి ఓరాలింగు

మా అన్న తాగుబోతు కాదు. ఈ మాట నేను ఎంతమందితో కొట్లాడి చెప్పానో లెక్కలేదు. నిజామాబాదులో మా వాడకట్టు ఆడవాళ్లకు చెప్పాను, మా అత్తగారి వైపు చుట్టాలకు చెప్పాను, బోధన్ రైల్లో ముక్కూ మొహం తెలియనివాళ్లకు కూడా చెప్పాను. నా నోరు మంచిది కాదని ఎలాగూ పేరుంది, అన్న మాట వస్తే అది ఇంకాస్త పదునెక్కేది. తాగుబోతే అయితే ఏటా అన్ని నెలలు సారా ముట్టకుండా ఎట్లా ఉంటాడు? అదీ నా వాదం. నా వాదం నిజమే. ఇన్నేళ్ల తర్వాత కూడా నన్ను కాల్చుకు తినేది అదే.

అన్న బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ మిల్లు ఫిట్టరు. చెరకు మీద బతికే ఊళ్లలో ఏడాదికి రెండే కాలాలు. చలికాలం మొదట్లో చెరకు నరకడం మొదలైతే సీజన్. ఎడ్లబండ్లు బారులు తీరేవి, ఫ్యాక్టరీ పగలూ రాత్రీ తేడా లేకుండా ఆడేది, ఊరంతా పాకం వాసన. ఎండలు ముదిరి చెరకు అయిపోతే మిల్లు ఆగేది. అక్కడి నుంచి దసరా దాకా మరమ్మతుల కాలం. ఓవర్‌హాలింగ్ అని ఇంజినీర్లు అంటే కార్మికుల నోట అది ఓరాలింగు అయింది. చెరకును నలిపే పెద్ద పెద్ద రోలర్లను దింపి, అరిగిన పళ్లను మళ్లీ కోసేవారు. బాయిలరు గొట్టాల్లో గట్టిపడిన పొరను గీకి తీసేవారు. సీజన్ చివర మూలుగుతూ ఆగిన యంత్రం దసరా నాటికి నిగనిగలాడుతూ నిలబడేది. అన్నకు ఆ పనంటే భక్తి. కొందరు దేవుణ్ణి నమ్ముతారు, మా అన్న ఓరాలింగును నమ్మాడు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన ఏడాది నాకు పెళ్లయి నిజామాబాదు వచ్చాను. అప్పటికే మమ్మల్ని కన్న బాపూ అవ్వా ఇద్దరూ లేరు. నాకు పుట్టిల్లంటే అన్నా వదినలే. అన్న మాటకారి, నవ్విస్తాడు, చేయి ధారాళం. సీజన్ వచ్చిందంటే మాత్రం సారా. మిల్లు హౌసులో ఆ వేడి, చెవులు పగిలే ఆ రొద, ఒళ్లంతా జిగటగా చెరకు రసం. షిఫ్టు దిగిన ఫిట్టర్లు తిన్నగా ఇంటికి పోయేవాళ్లు కాదు. దారిలో సారా దుకాణం ఉండేది.

వదిన కోటగిరి వైపు వ్యవసాయం ఇంటి పిల్ల. ఏడుస్తూ కూర్చునే రకం కాదు. కొత్తలో కొట్లాడింది, అలిగి పుట్టింటికి పోయింది, తిరిగి వచ్చింది. ఆ తర్వాత ఒక నిర్ణయానికొచ్చినట్టుంది. మనిషి తాగక మానడు, కనీసం ఒళ్లయినా చెడకుండా చూసుకోవాలి. ఇక ఆ పని మీద పడింది. షిఫ్టుకు పోయేముందు వేడి అన్నంలో ఇంత నెయ్యి ముద్ద వేసి దగ్గర కూర్చుని తినిపించేది. టిఫిను డబ్బాలో ఉడికించిన గుడ్లు పెట్టేది. ఉత్త కడుపుతో తాగనని మైసమ్మ మీద ఒట్టు వేయించుకుంది. పొద్దున లేవగానే నిమ్మకాయ పిండిన మజ్జిగ సిద్ధంగా ఉండేది.

"బేరింగుకు గ్రీజు లేకుంటె ఏమైతది సెల్లె? అరుగుతది. కడుపుకు నెయ్యి గూడ గంతే" అని అన్న నాకు పాఠం చెప్పేవాడు.

"అయితే ఇగ డబ్బాడు గ్రీజే తాగరాదె అన్నా, నెయ్యి మాకన్న మిగులుతది" అనేదాన్ని.

నవ్వేవాడు. నేనూ నవ్వేదాన్ని. నవ్వి, మళ్లీ వెళ్లేటప్పుడు గంజ్ బజారులో మంచి నెయ్యి చూసి తీసుకుపోయేదాన్ని. వదిన దాన్ని వేళ్లతో నలిపి వాసన చూసి, మెచ్చుకుని దాచేది. మేమిద్దరం ఏదో గొప్ప వైద్యం చేస్తున్నామనే అనుకున్నాం.

మిల్లు ఆగిన రోజు మా పుట్టింట్లో పండుగ లాంటిది. అన్న తన గాజు గ్లాసును బూడిదతో తోమి వదిన చేతికిచ్చేవాడు. వదిన దాన్ని గుడ్డలో చుట్టి అటక మీద పెట్టేది. అంతే, మళ్లీ సీజన్ దాకా సారా బంద్. మొదటి రెండు మూడు రోజులు చేతులు వణికేవి, చెమటలు పట్టేవి, చీమ చిటుక్కుమన్నా కసిరేవాడు. "పాత వేడి దిగుతున్నది" అని వదిన పట్టించుకునేది కాదు. ఆ తర్వాత మనిషి తేరుకునేవాడు. అప్పుడు మొదలయ్యేది అసలు ఓరాలింగు. పరగడుపున గుంటగలగరాకు పసరు. మధ్యాహ్నం కారం లేని కూర, మజ్జిగన్నం. పొద్దున్నే చెట్టు దిగిన తాటికల్లు ఒక ముంత. ఒకే చెట్టుది కావాలి, కలపనిది కావాలి, దాని కోసం గీసే గౌడుకు ముందే చెప్పి పెట్టేది.

కల్లు తాగుడు కాదా అని ఇప్పుడు మీరు అడగొచ్చు. మా దిక్కు అప్పుడు ఎవరూ అడగలేదు. బాలింతకూ పోసేవాళ్లం, జ్వరం తగ్గినవాళ్లకూ పోసేవాళ్లం, చుట్టం వస్తే నీళ్లకన్నా ముందు పోసేవాళ్లం. కల్లు చలవ చేస్తుందనీ సారా వేడిని కడిగేస్తుందనీ వదిన నమ్మకం. తాటిచెట్టెందుకెక్కావంటే దూడగడ్డికని చెప్పినవాడిని చూసి అందరూ నవ్వారు కానీ, మా ఇంట్లో మేం అదే మాట మొహం మీద నవ్వు లేకుండా చెప్పుకున్నాం.

దసరా దగ్గర పడుతుండగా అన్న తెల్ల చొక్కా వేసుకుని నిజామాబాదు వచ్చేవాడు. మా ఇంట్లో తిని, మా వీధి చివర ఉండే డాక్టరు దగ్గరికి పోయేవాడు. ఆ డాక్టరు గుంటూరు వైపు నుంచి వచ్చి స్థిరపడ్డాయన, నిదానస్తుడు.

"ఏమైందని పోతున్నవే?" అని మొదటిసారి అడిగితే, "ఏం గాలేదు. ఓరాలింగు అయినంక ఇంజినీరు సూసి పాస్ జెయ్యాలె గదా, గందుకు" అన్నాడు.

నేనూ వెంట పోయాను. డాక్టరు కంటి రెప్పలు విప్పి చూశాడు, పడుకోబెట్టి పొట్ట నొక్కి చూశాడు. "బాగానే ఉన్నారు. తాగే అలవాటేమైనా ఉందా?" అన్నాడు.

"లేదు సార్. బంద్ జేసిన" అన్నాడు అన్న.

ఆ రోజుకు అది అబద్ధం కాదు. ఎన్నాళ్ల కోసం బంద్ చేశాడో డాక్టరు అడగలేదు, అడగాలని ఆయనకు ఎట్లా తోస్తుంది? మాకూ చెప్పాలని తోచలేదు. బయటికొచ్చి అన్న జిలేబీ కొన్నాడు. రిక్షాలో తింటూ వచ్చాం. మా అన్నంత పట్టుదల మనిషి ఈ జిల్లాలో లేడని నాకు గర్వంగా ఉండేది.

తర్వాత ఫ్యాక్టరీలో బాయిలరు పూజ. నిప్పు పెట్టేముందు కొబ్బరికాయలు కొట్టి, గుమ్మడికాయ పగలగొట్టేవారు. ఆ సాయంత్రం ఇంట్లో మేక మాంసం, మైసమ్మకు నైవేద్యంగా ధార పోసే సారా, అదే సాక. వదిన తలంటుకుని, కొంగు నడుముకు చుట్టి, గడప ముందు నేల మీద సాక పోసేది. అటక మీద గ్లాసు దించి, మిగిలింది అందులో పోసి, మొగుడి చేతికి తనే ఇచ్చేది. సంవత్సరమంతా ఆయన ఒంటిని కాపాడిన చెయ్యే అది.

"ఇయ్యాల ట్రయల్. లోడు పెట్టొద్దు, జరంత పొయ్యి" అనేవాడు అన్న.

మేం విరగబడి నవ్వేవాళ్లం. కొత్తగా మరమ్మతు చేసిన మిల్లును మొదటిరోజు చెరకు వేయకుండా ఉత్తగా తిప్పి చూస్తారు కదా, ఆ హాస్యం. ఆ పూజకు పిలిచేవాళ్లు, నేను ఏనాడూ మానేదాన్ని కాదు. ఆ మాంసం కూర రుచి ఇప్పటికీ నా నాలుక మీద ఉంది, ఏం చేయను?

అట్లా ఏళ్లు గడిచాయి. ఏమీ కాలేదని మాకు ధైర్యం ముదిరింది. కానీ సీజన్ అయ్యాక వణుకు రెండు మూడు రోజుల్లో తగ్గడం మానేసింది, వారం దాకా లాగేది. దెబ్బ తగలకున్నా చేతుల మీద కమిలిన మచ్చలు వచ్చేవి. పళ్లు తోముకుంటుంటే నెత్తురు కనిపించేది. నేను బెదిరితే అన్న బెదరలేదు. "పాతవడ్డ మిషిను గదనే సెల్లె, ఏటికేడు జర పని ఎక్కువైతది" అన్నాడు. వదిన అదే లెక్కన వైద్యం పెంచింది. పసరు రెండు పూటలు చేసింది. నెయ్యి ఎక్కువ పోసింది. కల్లు ఒక ముంతకు రెండు ముంతలయింది.

అరవైల దశకం ఇంకా ముగియని ఒక ఏడు చెరకు విరగ పండింది. కాలువ నీళ్లు పుష్కలంగా వచ్చాయి, బండ్ల బారు తరగడం లేదు. ఎండలు మండుతున్నా మిల్లు ఆగలేదు. అన్న కళ్లు పచ్చబడ్డాయి. అన్నం వాసన సయించేది కాదు. కాళ్ల మీద వేలితో నొక్కితే గుంట పడి అట్లాగే ఉండేది. నేను పోయి చూసి, వెంటనే నిజామాబాదు పోదాం పదమన్నాను.

"గిప్పుడా? సీజన్ నడుమ మిల్లు విప్పుతరా ఎవలన్న?" అన్నాడు. "ఆగనియ్యి. మిల్లు ఆగంగనె బంద్ జేస్త, పసరు తాగుత, దసరాకు ఎప్పటిలెక్క వచ్చి సూపించుకుంట. ఫికర్ జెయ్యకు."

నేను వదిన మొహం చూశాను. ఆమె కూడా ఆయన మాటే అంది. "వేడి మీద మందు పడది పిల్లా. సల్లవడనియ్యి." కోపం వచ్చి ఇద్దర్నీ తిట్టి రైలెక్కాను. తిట్టడమైతే తిట్టాను గానీ, నిజం చెప్పాలంటే వాళ్ల మాట నాకూ సబబుగానే తోచింది. ఇన్నేళ్లూ అట్లాగే బాగుపడ్డాడు కదా.

మిల్లు ఆగేనాటికి పొట్ట కుండలా ఉబ్బింది. ఈసారి గ్లాసు తోమే ఓపిక లేదు. వదినే ఆయన్ని రైల్లో పట్టుకొచ్చింది. డాక్టరు చూడగానే గుర్తుపట్టాడు. పొట్ట నొక్కుతూ నొక్కుతూ ఆగి, "మీరు మానేశానన్నారు కదండీ, ప్రతి సంవత్సరం?" అన్నాడు.

అప్పుడు వదిన చెప్పడం మొదలుపెట్టింది. ఏదీ దాచలేదు. దాచవలసింది ఉందని ఆమెకు తెలియదు. నెయ్యి సంగతి, గుడ్ల సంగతి, పసరు, ఒంటి చెట్టు కల్లు, అటక మీద గ్లాసు, బాయిలరు పూజ నాటి సాక, అన్నీ వరసగా చెప్పింది. పథ్యం ఒక్కరోజు తప్పనియ్యలేదని చెప్పేటప్పుడు ఆమె గొంతులో కొంచెం గొప్ప కూడా ఉంది. డాక్టరు అడ్డు రాకుండా విన్నాడు.

"నెయ్యీ గుడ్లూ ముందు తింటే మత్తు నిదానంగా ఎక్కుతుందమ్మా. అంతవరకే. తాగినదంతా కాలేయమే అరిగించాలి, దాని బరువు ఒక చుక్క కూడా తగ్గదు" అన్నాడు. "కల్లులో ఉన్నదీ ఆ మత్తే. కొంచెం పలచన, అంతే తేడా. ఇన్నేళ్లూ దానికి మీరు సెలవే ఇవ్వలేదు."

అన్న మంచం మీద నుంచే అడిగాడు, "ఓరాలింగుకు లొంగదా సార్ అది?"

"కాలేయానికి ఫిట్టరు అక్కర్లేదు. తాగకుండా వదిలేస్తే తనను తనే బాగుచేసుకుంటుంది. మీ ఒంట్లో ఏటా ఎంతో కొంత అదే జరిగింది. కానీ పుండు మీద చెక్కు కట్టీ కట్టకముందే మీరు గీరారు. ఏటా గీరారు. ఇప్పుడు అదంతా మచ్చ తేలి గట్టిపడింది. ఆ మచ్చ ఇక పోదు. ఇంతటితో పూర్తిగా ఆపితే మిగిలింది నిలుస్తుంది, రోజులూ పెరుగుతాయి." చేతులు తుడుచుకుంటూ మళ్లీ అన్నాడు. "మానలేను డాక్టరుగారూ, చచ్చిపోతాను అని నా కాళ్లు పట్టుకుని ఏడ్చేవాళ్లను చూస్తుంటాను. మీరు నెలల తరబడి మానగలిగారు. అదీ ఒక్క ఏడాది కాదు. ఒక్కసారి మళ్లీ మొదలుపెట్టకుండా ఉండి ఉంటే సరిపోయేది."

ఆయన తిట్టినట్టు కూడా అనలేదు. తిడితే బాగుండేది, తిరిగి నాలుగు మాటలనేదాన్ని. వదిన కొంగు నోట్లో కుక్కుకుని గోడవైపు తిరిగింది.

అన్న ఆ రోజుతో మానేశాడు. సారా, కల్లు, రెండూ. అందరూ అనుకున్నట్టు దానికి పెద్ద యుద్ధమేమీ జరగలేదు. కొన్నాళ్లు వణికాడు, మా ఇంట్లోనే డాక్టరు మందుల మీద ఉంచుకున్నాం, ఉప్పు తగ్గించాం, పొట్టలో నీరు తీసింది. ఆయనకు మానడం చేతనైన విద్య. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నామని లోకం అంటే అననీ, పట్టుకున్నందుకు కొన్ని ఏళ్లు దొరికాయి.

ఫ్యాక్టరీలో ఆయన్ను మిల్లు హౌసు నుంచి తప్పించి స్టోరులో కూర్చోబెట్టారు. ఆ ఏడు బాయిలరు పూజ నాడు వదిన మైసమ్మకు పసుపునీళ్లు సాక పోసి దండం పెట్టుకుంది. అమ్మవారికేమీ కోపం రాలేదు. ఏనాడూ వచ్చేది కాదనే ఇప్పుడు నా అనుమానం.

ఆ చలికాలం నేను బోధన్ పోతే, పొద్దుగూకకముందే అన్న ఇంట్లో ఉన్నాడు. పొయ్యి దగ్గర పీట వేసుకుని కూర్చుని వదిన జొన్నరొట్టె కాలుస్తుంటే అది వంకర పోయిందంటూ వెక్కిరిస్తున్నాడు. ఇద్దరూ కలిసి ఆ వారమే సినిమాకు కూడా పోయొచ్చారట. నన్ను పెరట్లోకి తీసుకుపోయి వదిన నవ్వుతూనే అడిగింది.

"సలికాలంల మొగడు ఇంట్ల ఉంటె గిట్లుంటదానె పిల్లా?"

పెళ్లయి అన్నేళ్లయిన ఆడది అడిగే ప్రశ్న కాదది. ఇన్ని చలికాలాలు, ఇన్ని సాయంత్రాలు, ఇదంతా ఈ ఇంటికి ఎప్పుడో రావలసింది. ఆ సాయంత్రాలన్నీ మేమే నెయ్యి రాసి సారా దుకాణానికి సాగనంపాం.

డెబ్బైల్లోకి వచ్చాక ఒక వానాకాలం అన్నకు నెత్తురు వాంతి అయింది. దవాఖానకు చేర్చేలోపే ప్రాణం పోయింది. మానేశాక ఆయన ఒక్కరోజు కూడా తప్పలేదు, ఎంత తప్పలేదంటే ఆఖరి గంటలో గొంతు తడపడానికి పక్కింటివాళ్లు కల్లు తెస్తే తల అడ్డంగా ఊపాడు.

దినాలకు వచ్చినవాళ్లలో వదిన మేనత్త ఒకామె, పెద్దమనిషి, వదిన వీపు నిమురుతూ ఓదార్చింది. "ఏం జేస్తవు బిడ్డా, తాగుడంటె గంతే. అది పట్టిందంటె మనిసిని ఇడుస్తదా?" అంది.

నేను ఎప్పటిలా మా అన్న తాగుబోతు కాదని లేవబోయాను. అంతకుముందే వదిన తలెత్తింది. అప్పటిదాకా ఏడవని మనిషి, కళ్లు పొడిగా ఉన్నాయి.

"అది ఇడువకుంటె నాకింత దుక్కం లేకపోవు అత్తా" అంది. "ఆయన దాన్ని ఏటేటా ఇడిసిండు. నేనే బొట్టు వెట్టి మల్ల పిలుసుకొచ్చిన."